చెరువు గట్టు మీది దారి

నేను చదివింది మూడో తరగతి వరకు. అందులోనూ మూడోది సగమే. అయినా మా గుండ్లగూడెం పెద్దవాళ్ళలో ఆ రోజుల్లో అక్షరాలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఏ కాగితం వచ్చినా నా చేతికే వచ్చేది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాను. ఆలస్యమవుతుంది. తప్పు మాత్రం చదవను. రెండు వేల రెండో సంవత్సరం దసరా నాడు కూడా అలాగే ఒక కాగితం చదివాను. ఆ చలికాలమంతా ఆ చదువు చుట్టే తిరిగింది.

గుండ్లగూడెం పహాడీషరీఫ్‌కు అవతల ఉంటుంది. నలభై ఇళ్ళు, అందరూ రాయి కొట్టుకు బతికేవాళ్ళు. ఊరికీ బస్సు రోడ్డుకీ నడుమ గట్టు అడ్డం. చిన్నదేం కాదు. ఎక్కేటప్పుడు అరవై ఏళ్ళ మనిషి రెండు చోట్ల ఆగాలి. పైన మైలు పొడుగునా బండలే. ఒకచోట రెండు పెద్ద గుండ్లు, వాటి నడుమ సందు. ఆ సందు దాటి దిగితే ఊరు. పిల్లలు బడికి పోవాలన్నా, ఆడవాళ్ళను కాన్పుకు మోసుకుపోవాలన్నా అదే దారి. చుట్టూ తిరిగి పోతే పూట పడుతుంది. నేను పట్నం వచ్చి హుస్సేనీ ఆలంలో ఖైసర్ బేగం ఇంటి వెనక గదిలో చేరి, వీధులు తిరిగి రోళ్ళకూ విసుర్రాళ్ళకూ గంట్లు కొట్టుకుంటూ ముప్ఫై ఏళ్ళు దాటింది. పండక్కి మాత్రం నేనూ నా భార్య మాణిక్యమ్మా ఆ గట్టెక్కి దిగుతాం. అక్కడ ఆమె తమ్ముడు బీరయ్య ఉంటాడు.

ఆ దసరా నాడు జమ్మి పంచుకుంటున్న వేళ రామ్‌చందర్ వచ్చాడు. చుట్టుపక్కల భూములు కొని ప్లాట్లు వేస్తున్న వెంచర్ వాళ్ళ మనిషి. పక్క ఊరివాడే. బీరయ్యకు జమ్మి ఇచ్చి, నా కాళ్ళకు మొక్కి, కాగితం తీశాడు.

"కాకా, నువ్వు సదువుకున్నోనివి. మాకు ఊరోళ్ళతోని పేచీ వద్దు. మీ దారి మీకే అని రాసి తెచ్చిన. నువ్వే సదివి చెప్పు అందరికి."

చదివి చెప్పాను. 'గుండ్లగూడెం నివాసులకు చెరువు గట్టు మీది దారి తప్ప వేరొక దారి లేదు.' గట్టు పక్కన చెరువుంది కాబట్టి దాన్ని మేం చెరువు గట్టనే అంటాం. మగవాళ్ళంతా తలలూపారు. ఇంకో దారి యాడిదని ఎవరో నవ్వారు కూడా. సంతకం పెట్టాను. ఓదెలు. మూడక్షరాలు.

రంజాన్ మొదలైన వారం బీరయ్య హుస్సేనీ ఆలం వచ్చాడు. చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడ్డాడు.

"సందుల కంచె ఏసిన్రు బావా. రాతి కడీలు పాతి ముండ్లతీగ గుంజిన్రు. మండలాఫీసుకు పోతే, కొండ మీద మీకు దారి లేదని మీరే ఒప్పుకున్నరు గద అంటున్రు. మీ సదువుకున్నాయన సంతకం పెట్టిండన్నరు."

"నేను గట్ల సదువలే."

"నువ్వు సదివిందొకటి, అండ్ల ఉన్నదొకటి."

కాగితం నకలు తెచ్చాడు. మళ్ళీ వేలు పెట్టి చదివాను. అవే అక్షరాలు. "ఇగో, ఉన్నది గదా. చెరువు గట్టు మీది దారి."

"ఉన్నదని రాసుంటే కంచె ఎట్ల ఏసిన్రు?"

బీరయ్య చెప్పిన మిగతా సంగతి ఇది: ఊరివాళ్ళు అర్జీ పెట్టారు. ఈద్ అయిన తర్వాత బుధవారం సర్వేయరు మొకా మీదికి వచ్చి చూస్తాడు. వెంచర్ వాళ్ళు మాత్రం అది మనుషులు నడిచే జాగానే కాదు, మేకలు కూడా ఎక్కవని రాసిచ్చారు.

బీరయ్య పోయాక మాణిక్యమ్మ బియ్యం చేటలో చూపు పెట్టి అంది. "మూడు తరగతులు సదివిండని మా అయ్య నన్ను నీకిచ్చిండు. ఎడ్లు కాసేటోనికి ఇచ్చినా బాగుండు."

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమె మానేసరికి పళ్ళెం కింద పెట్టిన చప్పుడు కూడా పెద్దగా వినపడేది.

మలక్‌పేటలో పరబ్రహ్మం గారిల్లు నాకు పాత గిరాకీ. ఆయనది గోదావరి జిల్లా. సర్కారు కొలువులో పెద్ద గుమాస్తాగా రిటైరయ్యారు. ఇంట్లో మిక్సీ ఉన్నా ఆయన భార్య కమలకుమారమ్మకు గోంగూర రోట్లో పడితేనే పచ్చడి. బీరయ్య వచ్చిపోయిన పదోరోజు వాళ్ళ వరండాలో రోలు ముందు కూర్చుని గంట్లు కొడుతున్నాను. లోపల ఆయన మిత్రులు పది మంది పోట్లాడుకుంటున్నారు. రోజూ తెల్లవారగానే రేసుకోర్సు చుట్టూ నడిచే రిటైరైనవాళ్ళు. ఏటా చలికాలంలో ఒక రోజంతా కలిసి కొండల్లో నడుస్తారు. ఆ ఏడు ఎక్కడికన్నది తేలడం లేదు.

"టికెట్టు పెట్టిన కొండలొద్దండీ," అంటున్నారు పరబ్రహ్మం. "మెట్లూ, రెయిలింగులూ, ముందొకడు వెనకొకడూ. అది నడక కాదు, రేషను క్యూ. కొండ నెత్తిన ఆ చివర్నుంచి ఈ చివరికి నడవాలి. రెండు పక్కలా ఖాళీ నేల కనపడాలి."

నేను ఉలి ఆపాను. పిలవకుండా ఆ ఇంట్లో నోరు తెరవడం అదే మొదలు.

"గట్టు మీద నడుస్తరా సారూ? మా దిక్కున్నది."

"గట్టు మీదేముందయ్యా. మా ఊళ్ళో గేదెలు కూడా నడుస్తాయి. మేం అడిగేది కొండ."

"నేను చెప్పేది గూడ కొండనే."

"గట్టన్నావుగా?"

"గట్టే సారూ. చెరువు గట్టు."

ఆయన గుమ్మంలోకి వచ్చి నవ్వారు. "చెరువు గట్టంటే నీళ్ళు ఆగడానికి అడ్డంగా పోసిన మట్టి. నేను దానిమీదే సైకిలు నేర్చుకున్నాను."

"అది కట్ట గద."

"మీకు కట్ట. మాకు గట్టు."

సుత్తి కింద పెట్టాను. జేబులోంచి నకలు తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన ఒక్క చూపులో చదివేశారు. తర్వాత మళ్ళీ మెల్లగా చదివారు.

"ఇది మా వైపువాడెవడో రాసిన కాగితం ఓదెలూ. చెరువుకట్ట మీద తప్ప మీకింకెక్కడా దారి లేదని దీని అర్థం."

మా చెరువుకట్ట తెగి ఇరవై ఏళ్ళయింది. నడుమ పెద్ద గండి. దాని మీద దారి ఉంటుందని మాలో ఒక్కడికీ తోచలేదు. నేను తప్పు చదవలేదు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మాటే వేరే ఊరిది. రామ్‌చందర్‌కు ఇది తెలిసి చేశాడో తెలియక చేశాడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ పూట మొత్తం చెప్పాను. కంచె, సర్వేయరు, బుధవారం, మేకలు కూడా ఎక్కవన్న మాట. కమలకుమారమ్మ ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. పరబ్రహ్మం కాసేపు గడ్డం గోక్కున్నారు.

"మనుషులు నడిచే చోటు కాదన్నారా. మా గుంపులో అందరికంటే చిన్నవాడికి యాభై ఎనిమిది. మేం నడిస్తే?"

"బుధవారమా?" అన్నారు లోపల్నుంచి ఎవరో.

"రిటైరైనవాడికి బుధవారమేంటి, ఆదివారమేంటి."

నేను పోతుంటే ఆయన నన్ను గేటు దగ్గర ఆపారు. "చిన్న ఉపాయముంది. చదువు సరిగా రాదు, తెలియక పెట్టానని చెప్పు. కాగితం అక్కడికక్కడే చెల్లదు. నడకతో పని కూడా ఉండదు."

"చెప్పను."

"అది తేలిక దారయ్యా."

"నాకు సదువొస్తది సారూ," అని వచ్చేశాను.

ఏర్పాట్లన్నీ ఖైసర్ బేగం ఇంటి వాకిట్లో జరిగాయి. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ వీధిలో ఆమె మాటకు ఎదురు చెప్పేవాడు లేడు. రోజా ఉంది, నోట్లో నీటిచుక్క లేదు, అయినా నోరు ఆగదు. నేను వాకిట్లో పరిచిన బండల మీద బొగ్గుతో గట్టు గీశాను. బస్సు దిగే చోటు, మొదటి ఎక్కుడు, నీడ ఉండే చోటు, రెండో ఎక్కుడు, పొడుగాటి నెత్తి, సందు. పరబ్రహ్మం చిన్న నోటుబుక్కులో రాసుకుంటున్నారు.

"గట్టిగా నడిచేవాళ్ళు ముందు, మిగతావాళ్ళు వెనక," అన్నారాయన.

"మెల్లగ నడిచేటోళ్ళు ముందు," అన్నాను.

"అలాగైతే ఎప్పటికి చేరతాం?"

"అందరం చేరుతం."

ఆయన రాసిందాన్ని కొట్టేసి మళ్ళీ రాశారు.

ఎవరికి వాళ్ళు ఒక సీసా నీళ్ళు. సందు దగ్గరికి బీరయ్య వాళ్ళు రెండు బిందెలు తెచ్చి పెడతారు. తోలు చెప్పులు బండల మీద జారతాయి, కాన్వాసు బూట్లే. పొద్దున ఆరింటికి చార్మినార్ దగ్గర బస్సు. ఒక గుండుకు తేనెపట్టు ఉంది కాబట్టి సెంటు, అత్తరు వద్దన్నాను.

"ఈద్ అయినంక నాల్గు దినాలకు అత్తర్ వద్దంటవా ఓదెలు భాయ్," అంది ఖైసర్ బేగం. "మక్ఖీలకేం ఎరుక, అది ఏ దుకాణందో."

"మీరూ వస్తున్నారా అమ్మా?" అన్నారు పరబ్రహ్మం కొంచెం భయంగా. "ఎక్కడం కష్టం మరి."

"పహాడీషరీఫ్ మెట్లు పుట్టినకాడికెల్లి ఎక్కుతున్న. మీరు రేస్‌కోర్స్ చుట్టు గోల్ గోల్ తిరిగేటోళ్ళు. గుర్రాలన్న మీకంటె సీద పోతయి. నా ఫికర్ మీకెందుకు?"

ఆయన ఆమె పేరు కూడా రాసుకున్నారు.

మాణిక్యమ్మ గుమ్మంలో కూర్చుని వింటోంది. అందరూ పోయాక లేచి వచ్చింది. రెండో ఎక్కుడు దగ్గర నేను గీసిన గీతను కాలితో తుడిపేసి, బొగ్గు ముక్క తీసుకుని ఎడమకు తిప్పి గీసింది. ఆమే కరెక్టు. అక్కడ దారి ఎడమకే పోతుంది. బొగ్గు ముక్క మూల పడేసి లోపలికి పోయింది.

ఈద్‌కు ముందు రోజుల్లో రామ్‌చందర్ మోటారు సైకిలు మీద మా గల్లీకి వచ్చాడు. దిగలేదు.

"కాకా, ఏందీ లొల్లి. పట్నం ముసలోళ్ళను బండల మీదికి తోల్కపోతవా. ఎవడన్న పడితే?"

"పడితే లేస్తం."

"నీ సంతకం ఉన్నది నా దగ్గర. గా ముచ్చట మర్వకు."

"నేనేం మర్వలే."

వాడు మలక్‌పేటకూ పోయాడు. మర్యాదగా నమస్కారాలు పెట్టి, పోలీసు కేసవుతుందని ఇంటింటికీ చెప్పి వచ్చాడు. అప్పటికి నోటుబుక్కులో నలభై ఒక్క పేర్లు చేరాయి, వాటిలో పదిహేనుకు కొట్టివేత పడింది. నేను వెళ్ళేసరికి పరబ్రహ్మం నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మనం సరదాగా నడవడానికి అనుకున్నాం గానీ ఓదెలూ, తగాదాకి కాదు కదా."

కమలకుమారమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చారు. "యాభై నిమ్మకాయలు తెప్పించాను పులిహోరకి. తగాదా లేకపోతే అవన్నీ ఎవరు తింటారు? నేనొస్తున్నాను. మీరు ఇంట్లో ఉండి కుక్కరు పెట్టుకోండి."

పరబ్రహ్మం నోటుబుక్కు తెరిచి ఆమె పేరు రాశారు.

బుధవారం పొద్దున మంచు కరగకముందే బస్సు దిగాం, మాణిక్యమ్మ కూడా. మొదటి ఎక్కుడులో కమలకుమారమ్మ ముందు నడిచారు, ఆమె వెనక అందరూ. ఎవరూ ఎవర్నీ తొందరపెట్టలేదు. రెండు చోట్ల ఆగాం. గట్టు నెత్తికి చేరేసరికి ఎండ వచ్చింది. ఒక పక్క పట్నం పొగలో కనపడీ కనపడకుండా ఉంది. రెండో పక్క ఖాళీ నేల, తుమ్మలు, పసుపచ్చటి గడ్డి, తెగిన కట్ట లోపల ఎండిన చెరువు. ఊపిరాడని గల్లీల్లో ఇన్నేళ్ళున్న ఖైసర్ బేగం ఒక బండ మీద నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అది నేను చూసిన వింతల్లో ఒకటి.

మైలు పొడుగునా నడిచి సందు దగ్గరికి వచ్చాం. కంచెకు ఇటు మేం, అటు బీరయ్య, ఊరంతా, రెండు బిందెలు. పులిహోర ఇటునుంచి అటు పోయింది, నీళ్ళు అటునుంచి ఇటు వచ్చాయి.

సర్వేయరు రామ్‌చందర్‌తో కలిసి క్వారీ బాట మీద జీపులో సగం దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఎక్కాడు. కుర్రాడు, తణుకు వాడట. ఊపిరి అందడం లేదు. బండ మీద కూర్చుని రొట్టె తింటున్న ఖైసర్ బేగాన్ని చూసి ఆగాడు.

"ఇక్కడికెలా వచ్చారమ్మా?"

"నడ్సి. నువ్వెట్ల ఒచ్చినవ్ బేటా?"

అతను రిజిస్టరు తెరిచాడు. ఇందరు నడిచి వచ్చినట్టు రాసుకున్నాడు. ఆ తర్వాత రామ్‌చందర్ కాగితం అందించాడు. అతను చదివి నా వైపు చూశాడు.

"ఈ సంతకం మీదేనా?"

అందరూ నన్నే చూశారు. పరబ్రహ్మం తల కొంచెం అడ్డంగా ఊపారు, కాదను, తెలియక పెట్టానను, అన్నట్టు.

"నాదే."

"చదివే పెట్టారా?"

"అచ్చరం అచ్చరం సదివి పెట్టిన. అండ్ల రాసింది నిజం. వాపస్ తీస్కోను. గట్టు మీది దారి తప్ప మాకు దారి లేదు. ఇప్పుడు మనం నిలబడ్డదే గట్టు."

"ఇది కొండ కదండీ. గట్టంటే అదీ..." అని అతను కింద తెగిన కట్ట వైపు చూపించాడు.

"అది కట్ట," అన్నాడు బీరయ్య. "అది కట్టే," అని కంచె అవతల ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అన్నారు.

మాణిక్యమ్మ కొంగు నడుముకు చెక్కుకుని ముందుకొచ్చింది. "సారూ, నల్గొండ దిక్కు చెరువుగట్టు జాతరైతది. ఆడ జనం కట్ట ఎక్కుతరా? గుడి గుట్ట మీదున్నది. నువ్వు పోయి సూడు."

"అది దేవుని పేరు సార్," అన్నాడు రామ్‌చందర్. "దానికి దీనికి సంబంధం లేదు. ఇది కొండ. అందరం కొండనే అంటం. వీళ్ళు మాట మారుస్తున్రు."

సర్వేయరు అటూ ఇటూ చూశాడు. కాగితం వాళ్ళ వైపే ఉంది. అతను పెన్ను తీశాడు. నిజం చెప్పాలంటే, అక్కడితో అయిపోయిందనుకున్నాను.

రామ్‌చందర్ జేబులో సెల్లు మోగింది. వాడు చటుక్కున తీసి ఒక చెవి మూసుకుని గట్టిగా మాట్లాడాడు.

"ఆఁ, అన్నా. గట్టు మీదనే ఉన్న. సర్వేయర్ సార్ గూడ ఉన్నడు. గట్టు దిగినంక చేస్త."

సెల్లు జేబులో పెట్టుకున్నాక గానీ అందరూ తననే చూస్తున్నారని వాడికి తెలియలేదు.

"సున్ లియా సాబ్?" అంది ఖైసర్ బేగం, రొట్టె నములుతూ.

సర్వేయరు నవ్వలేదు. బండ మీద కూర్చుని, రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. రామ్‌చందర్ రెండుసార్లు సార్ అన్నాడు. అతను తల ఎత్తలేదు.

దారి సంగతి ఆఫీసుల్లో పూర్తిగా తేలడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. కడీలు పీకించింది ఆనాటి పంచనామాయే అని పరబ్రహ్మం గారు చెప్పారు. తిరిగిందంతా ఆయనే, నాకు అదంతా తెలియదు. నాకు తెలిసింది ఆ బుధవారమే.

సర్వేయరు రాయడం ముగించి పెన్ను నాకిచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టండి."

"సదివి పెడ్త."

"మీ అందరి ముందే రాశాను కదండీ."

"చదివి పెట్టనివ్వండి," అన్నారు పరబ్రహ్మం. "ఓదెలు గారు చదివే పెడతారు." ఆయన నన్ను గారనడం అదే మొదలు.

వేలు పెట్టాను. అతని రాత గొలుసు గొలుసుగా ఉంది. ఒత్తులు కనపడడం లేదు. కింద జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. రెండో వాక్యంలో ఆగాను.

"ఇక్కడ కొండ అని రాసిన్రు."

"అవును, కొండే కదా?"

"అది గట్లనే ఉండనియ్యుండ్రి. పక్కన గట్టు అని రాయుండ్రి. రెండు ఒకటే అని రాయుండ్రి."

అతను రాశాడు. పక్కన పొట్టి సంతకం పెట్టాడు. నేను మళ్ళీ వేలు కదిపాను. రామ్‌చందర్ గడియారం చూసుకున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మలక్‌పేట వాళ్ళు బండల నీడల్లోకి జరిగి కూర్చున్నారు, ఎవరూ పోదామనలేదు.

మాణిక్యమ్మ వచ్చి నా పక్కన బండ మీద కూర్చుంది. నెల దాటింది ఆమె నాతో మాట్లాడి.

"గంత మెల్లగ సదివితె కంచె అవతలోళ్ళకు ఎట్ల ఇనపడ్తది?" అంది. "పెద్దగ సదువు."

అప్పటికి నాలుగో వాక్యంలో ఉన్నాను. వేలు వెనక్కి తీసి, మొదటి అక్షరం మీద పెట్టి, మళ్ళీ మొదలుపెట్టాను.